మోత బరువు – పదకొండో భాగం: ఏనుగు పొట్టలో ఏముంది?

పోయిన వారం మనం మోతగారిని వదిలిపెట్టింది నోరు జారిన చోట. కాలు జారితే కట్టు కడతారు. నోరు జారితే కట్టుబడి ఉండాల్సిందే.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మోతగారిది సభలకీ పాటకచేరీలకీ మైకులూ స్పీకర్లూ అద్దెకిచ్చే దుకాణం. ముప్పయ్యేళ్ళుగా ఆయన చేసేది రెండే పనులు. పగలు బరువులు మోయడం, సాయంత్రం మోత మోగించడం. అంచేత పేరు రెండు వైపులా అతికింది. మైకులోంచి వచ్చే పీలగొంతుని స్పీకర్లు అదిరేంత గొంతుగా పెంచే పెట్టెని ఆంప్లిఫయర్ అంటారు కదా, ఆయన దగ్గరున్నది నలభై కిలోలది. పేరు ఏనుగు. దాని బదులు ఏడు కిలోలది వాడదామని కూతురు ఒకటి తెచ్చి పెట్టింది. దానికి ఆయన పెట్టిన పేరు దోమ. కూతురికి బడి రిజిస్టరులో ఏదో చక్కటి పేరుంది గానీ, దుకాణంలో అందరికీ ఆమె ఫ్యూజే. ఇంట్లో వేడి పెరిగితే ముందు ఎగిరేది ఆ అమ్మాయే గనక.

ఇప్పుడు జారిన నోటి సంగతి. సబ్బుల ఫ్యాక్టరీకి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. మైదానంలో సభ, మూడువేల మంది జనం. పోయినేడు వెనక వరసల వాళ్ళకి ఒక్క ముక్క వినపడలేదు. ఈసారి ఆంప్ ఏదో తన చెవులతో విని తేల్చుకుంటానని మేనేజరమ్మ పట్టుబట్టింది. ఆవిడ ముందు మోతగారు తొడగొట్టారు. "గుడ్డ అడ్డం కట్టండి. అవతల మోగేది ఏనుగో దోమో ఇవతల కూర్చుని చెబుతా. చెప్పలేకపోతే గొంతులు సర్దే మిక్సర్ బల్ల ముందు నా కుర్చీ నా కూతురిది. చెప్పానా, దోమ మాట ఈ దుకాణంలో మళ్ళీ వినపడకూడదు!"

ఫ్యూజు కూడా తక్కువ తినలేదు. "అలాగైతే దోమతో పాటు నేనూ ఎగిరిపోతా. హోరు సౌండ్స్ వాళ్ళు రమ్మంటున్నారు. పరీక్ష రోజు సాయంత్రం ఆరింటికల్లా జవాబు చెప్పాలి" అంది.

హోరు సౌండ్స్ అంటే ఎదురు వీధి. ఎదురు వీధే గానీ మోతగారికి ఎదురు దేశం.

*

పరీక్ష రోజు పొద్దున మోతగారు చేసిన మొదటి పని స్టూలెక్కడం. దుకాణంలో వెలుగుతున్న తెల్లలైటు పీకేసి, అటక మీద ఏళ్ళ తరబడి పడుకున్న పసుపు బల్బు ఒకటి తుడిచి, ఆ చోట బిగించారు.

"ఇదేంటి నాన్నా, ఉన్న వెలుగు పీకేసి చీకటి పెడుతున్నావ్?"

"మేనేజరమ్మ వస్తోంది కదే. ఆ తెల్లలైటు కింద నా మొహం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది."

"దీని కింద కామెర్లొచ్చిన గోడలా ఉంటుంది" అని ఫ్యూజు వైర్లు చుట్టుకుంటూ వెళ్ళిపోయింది.

మోతగారు మీసంలో నవ్వుకున్నారు. అసలు గుట్టు మీ చెవిన వేస్తాను, ఆయన చెవిన వేయకండి. ఏనుగు పాతకాలపు జంతువు. పొట్టనిండా రాగీ ఇనుమూ. స్విచ్చి వేయగానే ఒక్క గుక్కలో బోలెడు కరెంటు తాగేస్తుంది. ఆ గుక్కకి దుకాణంలో పసుపు బల్బు ఒక్క క్షణం మసకబారి మళ్ళీ వెలిగేది. తెల్లలైటు వచ్చాక ఆ వేషం కనపడటం మానేసింది. చిన్నప్పుడు ఫ్యూజు చప్పట్లు కొట్టి, "నాన్నా, ఏనుగు లేచింది, బల్బు తల దించింది!" అని గంతులేసేది. ఇంక గుడ్డ అడ్డముంటేనేం, దుప్పటి అడ్డముంటేనేం? బల్బు తల దించితే ఏనుగు, దించకపోతే దోమ. చెవులకి పరీక్ష పెట్టి కళ్ళతో రాయబోతున్నారు మోతగారు. గుడ్డ కట్టి చేసే గుడ్డిపరీక్షలో కన్నుకొట్టే ఏర్పాటన్నమాట.

అందుకే ఒక షరతు కూడా పెట్టారు. "ప్రతిసారీ పెట్టె ఆపి, మళ్ళీ కొత్తగా స్విచ్చి వేయాలి. నిద్ర లేచేటప్పటి గొంతు వేరు, లేచి తిరిగేటప్పటి గొంతు వేరు. నేను రెండూ వినాలి."

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫ్యూజు దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది. "నాన్నా, ఈ పరీక్ష పరాయివాళ్ళ ముందు వద్దు. కావాలంటే రేపు మనలో మనం చేసుకుందాం."

"భయమా?"

"భయమే. నా గురించి కాదు."

మోతగారు పగలబడి నవ్వి, మూల కూర్చున్న బావమరిది వైపు తిరిగారు. బావమరిదిది పాత ఇనుము, పాత కాగితాల కొట్టు. రోజంతా తూచడమే కాబట్టి అందరూ తూకం అని పిలుస్తారు. "చూశావురా తూకం, మీ మేనకోడలు అప్పుడే జారుకుంటోంది!"

తూకానికి తాగుతున్న టీ అడ్డం పడింది. దగ్గి, కళ్ళు తుడుచుకుని, "అమ్మాయి చెప్పింది విను బావా. రేపు... రేపు కూడా వద్దులే" అన్నాడు.

*

మూడింటికి మేనేజరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద నోటుబుక్కు. మాట్లాడేవాళ్ళ మొహం కాకుండా మాట చూసే రకం.

"ముందు ఒకటి చెప్పండి. మా మైదానానికి ఎలాంటి ఆంప్ కావాలో ఎలా తెలుస్తుంది?"

మోతగారు ఏనుగు వీపు తట్టారు. "చాలా తేలికండీ. అంటే, తేలిగ్గా ఉండకూడదండీ! పెట్టె ఎత్తి చూడాలి. నడుం 'అబ్బా' అందా, ఆంప్. 'ఓస్' అందా, తుస్."

"మూడువేల మంది వచ్చేది మీ నడుం మాట వినడానికి కాదు కదా."

ఫ్యూజు ముందుకొచ్చింది. "ముందు చూడాల్సింది ఆంప్‌ని కాదండీ, బాక్సుల్ని. స్పీకర్ బాక్సు వెనక రాసుంటుంది, ఆగకుండా ఎన్ని వాట్లు తట్టుకోగలదో. పెద్ద అక్షరాల్లో రెండువేలు అని ఉంటుంది. అది ఒక్క క్షణం మాట, నమ్మకూడదు. కింద చిన్న అక్షరాల్లో ఐదొందలు అని ఉంటుంది. అదీ నిజం."

"పెళ్ళిచూపుల్లో చెప్పే ఉద్యోగం, చేసే ఉద్యోగం" అన్నాడు తూకం.

"బాక్సు ఐదొందలు తినేదైతే ఆంప్ ఏడెనిమిది వందలు వడ్డించగలగాలి. కొంచెం మిగులుండాలి. సరిగ్గా సరిపోయేదో తక్కువదో పెట్టి గొంతు చించుకోమంటే, శబ్దం తల తెగిపోతుంది. ఆ తెగిన శబ్దానికి బాక్సులో చిన్న స్పీకర్ మాడిపోతుంది."

"విన్నారా!" మోతగారు చేతులు ఊపారు. "చిన్న ఆంప్ పెద్ద బాక్సుని మాడుస్తుందట! చీమ తుమ్మితే కొండ కూలిందట!"

"ఇంకోటి, ఓమ్స్. అంటే కరెంటుకి బాక్సు పెట్టే అడ్డు. ఒకే తీగకి బాక్సులు పెంచేకొద్దీ అడ్డు తగ్గుతుంది, ఆంప్ మీద మోత పెరుగుతుంది. రెండు తగిలిస్తే అడ్డు సగం. నాలుగు తగిలిస్తే పావు. ఆంప్ ఎంతవరకు ఓర్చుకుంటుందో దాని వెనక రాసుంటుంది. అది దాటితే..."

"ఓం అంటే నాకు తెలిసింది కళ్ళు మూసుకుని అనేదే!"

"కళ్ళు మూసుకుని తగిలించబట్టే కదా నాన్నా ఆ రోజు..." ఫ్యూజు నాలుక కరుచుకుంది.

"ఏ రోజు?"

"ఏ రోజైనా" అని తూకం గబగబా లేచి గుడ్డ కట్టడం మొదలుపెట్టాడు.

మేనేజరమ్మ నోటుబుక్కులో ఏదో రాసుకుంది. ఆవిడ రాసుకునే తీరు చూస్తే మోతగారికి స్కూల్లో తెలివైన పిల్లలు గుర్తొచ్చి, ఒళ్ళు మండింది.

*

గుడ్డ అవతల రెండు పెట్టెలూ ఫ్యూజూ. ఇవతల కుర్చీలో మోతగారు. నెత్తిన పసుపు బల్బు. ఏది ముందు మోగాలో మేనేజరమ్మ చీటీ తీసి, ఫ్యూజుకి మాత్రం చూపించి, రెండు వైపులా కనపడేలా పక్కన నిలబడింది. మోగించేది ఆవిడ ఫ్యాక్టరీ ఆడవాళ్ళు కలిసి పాడుకున్న పాట.

మోతగారు కళ్ళు మూసుకున్నారు. అంటే ఒకటిన్నర కన్ను. మిగిలిన అరకన్ను బల్బు మీద.

అవతల స్విచ్చి టక్కుమంది.

బల్బు రెప్ప వేయలేదు.

పాట మొదలైంది. ఇరవైమంది గొంతులు ఒక్కసారిగా గదిలోకొచ్చాయి. మోతగారు తల ఊపారు, చెయ్యి ఊపారు, చివరికి పెదవి విరిచారు. "సన్నం. గొంతుంది, గుండె లేదు. అప్పడం విరిచినట్టుంది. ఇది దోమ!"

"రాసుకున్నాను" అంది మేనేజరమ్మ. "రెండోది."

మొదటి పెట్టె ఆగింది. అవతల వైర్లు మార్చిన చప్పుడు. మోతగారు కుర్చీలో సర్దుకుని ఇంచుమించు కాలు మీద కాలేసుకున్నారు. ఇప్పుడు మిగిలింది ఏనుగు. బల్బు ఇలా తల దించడం, తను అలా లేవడం. "ఇదీ మా ఏనుగు!" అనే మాట నోట్లో ఊరుతోంది.

టక్కు.

బల్బు మళ్ళీ రెప్ప వేయలేదు.

మోతగారు రెండు కళ్ళూ తెరిచేశారు. బల్బుని చూశారు. బల్బు ఆయన్ని చూసింది. వదులుగా బిగించానా? వదులైతే వెలగదుగా! పాట సాగుతోంది. ఆడవాళ్ళు హాయిగా పాడేస్తున్నారు. ఆయనకి మాత్రం ఒక్క ముక్క వినపడలేదు. ముప్పయ్యేళ్ళ వృత్తిలో పాట మోగుతుండగా వినపడకపోవడం ఇదే మొదలు. పోయినేడు వెనక వరసల వాళ్ళ బాధ ఇప్పుడు తెలిసింది.

పాట అయిపోయింది. అందరూ ఆయన వైపు చూస్తున్నారు. చెవుల్ని అడుగుదామంటే అవి పని మానేసి చాలాసేపయింది. కళ్ళు చూసిందే నోటికొచ్చేసింది.

"ఇదీ దోమే!"

గుడ్డ అవతల స్క్రూడ్రైవర్ కిందపడిన చప్పుడు శుభ్రంగా వినపడింది.

"బావా," తూకం గొంతు పిల్లిలా ఉంది, "ఉన్నవి రెండు. అందులో ఒకటి ఏనుగు. రెండూ దోమలైతే ఎలా బావా?"

"నన్నడుగుతావేంరా! నాకు వినపడింది చెప్పాను. రెండూ దోమలే!" అనేశారు మోతగారు. తప్పుగా అన్నా గట్టిగా అంటే సగం ఒప్పవుతుందని ఆయన సిద్ధాంతం. ఆంప్ పని కూడా అదే కదా.

గుడ్డ పక్కకి జరిగింది. ఫ్యూజు నిలబడి ఉంది. మొహంలో రంగు లేదు.

"నీకు... తెలిసిపోయిందా నాన్నా?"

తనకేం తెలిసిందో మోతగారికి బొత్తిగా తెలియదు. అయినా గంభీరంగా తల పంకించారు. తెలియనప్పుడు తల పంకించడం ఎన్నో సభల్లో మైకు దగ్గర నిలబడి నేర్చుకున్న విద్య.

ఫ్యూజు కిందపడిన స్క్రూడ్రైవర్ తీసుకుని ఏనుగు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక్కొక్క మరే ఊడుతోంది. పైరేకు లేచింది. మోతగారు వంగి చూశారు.

ఏనుగు పొట్టలో రాగి లేదు, ఇనుప దిమ్మె లేదు. ఒక మూల దోమకి అక్కలాంటి చిన్న ఆంప్. మిగతా చోటంతా పాత చీరముక్కల్లో చుట్టి, కదలకుండా తాడుతో కట్టిన అయిదు తూకంరాళ్ళు. ఒక్కోటీ అయిదు కిలోలు.

"ఇవి..." మోతగారు ఒక రాయి తట్టి చూశారు.

"నావే బావా" అన్నాడు తూకం. "రెండేళ్ళుగా కొట్లో అయిదు కిలోలు తూచాలంటే ఒక కిలో రాయి అయిదుసార్లు వేస్తున్నా. చెయ్యి పడిపోయింది."

*

సంగతి ఫ్యూజు చెప్పింది. రెండేళ్ళ కిందట ఒక పెద్ద సభలో, "ఏనుగు ఎన్నయినా మోస్తుంది" అని మోతగారు ఒక్కో తీగకి నాలుగేసి బాక్సులు తగిలించారు. సభ ముగిసింది. ఏనుగుని ఎత్తబోయి ఆయన నడుం పట్టేసింది, నెలరోజులు మంచం. మర్నాడు దుకాణంలో ఫ్యూజు స్విచ్చి వేస్తే ఏనుగు ముక్కులోంచి పొగ.

"నువ్వు మంచం మీద ఉండి రోజూ అడిగేవాడివి, ఏనుగు ఎలా ఉందే అని. నీ నడుం సంగతి డాక్టర్ని కూడా అన్నిసార్లు అడగలేదు. కాలిపోయిందని ఎలా చెప్పను? రిపేరు చేసేవాళ్ళు ఆ సామాను ఇప్పుడు దొరకదన్నారు. కాలిన సామాను మావయ్య పట్టుకెళ్ళాడు, నా స్నేహితురాలి దగ్గర పక్కన పడున్న ఆంప్ తెచ్చి పాత పెట్టెలో పెట్టా."

"మరి ఈ రాళ్ళు?"

"నువ్వు ఎత్తగానే తెలిసిపోతుందని మావయ్య..."

మోతగారు బావమరిది వైపు తిరిగారు. "ఒరేయ్! నడుం పట్టేసినవాడికి బరువు తగ్గిస్తారా, రాళ్ళు నింపుతారా? రెండేళ్ళుగా పూటకో పట్టీ వేసుకుని నేను మోస్తున్నది నీ కొట్టునా?"

"బరువు తగ్గితే నీ గుండె ఆగిపోతుందని బావా. నడుం కంటే గుండె ముఖ్యం కదా అని..."

మేనేజరమ్మ నోటుబుక్కు మూసింది. ఆవిడ మొహంలో మొదటిసారి ఆశ్చర్యం. "అంటే మోతగారు చెప్పింది అక్షరాలా నిజం! రెండూ తేలికవే. రెండేళ్ళుగా ఎవరికీ అంతుపట్టనిది గుడ్డ ఇవతల కూర్చుని ఒక్క పాటతో పట్టేశారు! అబ్బ, ఏం చెవులండీ!"

"చెవులా మరి! ముప్పయ్యేళ్ళ..." అని మొదలుపెట్టారు మోతగారు. పొగడ్త వస్తే ఆయన నోరు స్విచ్చి వేయకుండానే పనిచేస్తుంది.

ఫ్యూజు లేచి మోకాళ్ళు దులుపుకుంది. "నిజమే. నువ్వు గెలిచావ్ నాన్నా. నేనేమో ఇన్నాళ్ళూ నీకు తేడా తెలియట్లేదనుకున్నా. నీ చెవులకి నా చదువు చాలదు." ఫోను చేతిలోకి తీసుకుంది. "మాట మాటే. ఆరు కాకముందే హోరు వాళ్ళకి వస్తానని చెప్పేస్తా."

గోడ గడియారం అయిదున్నర చూపిస్తోంది. మోతగారు కూతురి వేలు చూశారు. అది ఫోను మీద నంబరు వెతుకుతోంది. నెత్తిన బల్బు చూశారు. అది నిక్కచ్చిగా వెలుగుతోంది. ఆ వెలుగులో ఇరవయ్యేళ్ళ నాటి చప్పట్లు వినపడ్డాయి ఆయనకి. ఈ పూట చెవులు సరిగ్గా విన్నది అదొక్కటే.

"ఆగవే."

"ఏంటి?"

"ఆ ఫోను కింద పెట్టు." గొంతు సవరించుకున్నారు. మూడువేల మందికి వినపడేలా అరవగల మనిషి, ఎదురుగా ఉన్న ముగ్గురికి చాలనంత గొంతుతో అన్నారు. "చెవులు కాదు. నాకు చెవుల్తో ఏమీ తెలియలేదు. రెండూ ఒకలాగే ఉన్నాయి. రెండోది అసలు వినను కూడా లేదు."

"మరెలా చెప్పావ్?"

మోతగారు వేలు పైకెత్తి చూపించారు.

ఫ్యూజు బల్బుని చూసింది. పొద్దుటి స్టూలు, సున్నం గోడ, నిద్రలేచే గొంతు, అన్నీ వరసగా వెలిగాయి ఆ మొహంలో. "ఏనుగు లేచింది... బల్బు తల దించింది! నాన్నా! నువ్వు కాపీ కొట్టావా?"

"కొట్టబోయాను. బల్బు చూపించలేదు."

ముందు తూకం నవ్వాడు. తర్వాత ఫ్యూజు, ఏనుగు ఖాళీ పెట్టె మీద కూలబడి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మోతగారు మాత్రం మిక్సర్ దగ్గరికి నడిచి, ముప్పయ్యేళ్ళుగా తన ఆకారానికి గుంటపడిన కుర్చీని కూతురి ముందుకి జరిపారు.

"ఓడిపోయినవాడి మాట కూడా మాటే. కూర్చో. కానీ ఒకటి, నాలుగేసి బాక్సులు తగిలించొద్దు."

"ఆ మాట నువ్వు నాకు చెబుతున్నావా!" అంటూనే కూర్చుంది ఫ్యూజు. కూర్చుని, ఫోనులో రెండే ముక్కలు మాట్లాడింది. "రావట్లేదండీ. మా నాన్నకి నేను కావాలి." పెట్టేసింది. మోతగారు అదేదో గోడకి చెప్పినట్టు గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

కథ ఇక్కడ ఆగితే నేనూ హాయిగా నిద్రపోదును. కానీ మేనేజరమ్మ కదల్లేదు. బల్బు వైపే చూస్తోంది.

"ఒక్క నిమిషం. ఆంప్ స్విచ్చి వేస్తే బల్బు మసకబారి మళ్ళీ వెలగడం, ఇదేనా మీరు చెప్పేది?"

"అదేనండీ. మా ఏనుగు ఒక్కదానికే ఉన్న గుణం. ఇంకెక్కడా చూడరు."

"నిన్న చూశాను. హోరు సౌండ్స్‌లో."

మోతగారి చేతిలో కళ్ళద్దాలు ఆగిపోయాయి.

"అక్కడి యజమాని స్విచ్చి వేయగానే షాపులో పసుపు బల్బు మసకబారి మళ్ళీ వెలిగింది. 'మా గజరాజు నిద్ర లేచాడండీ' అన్నాడు. పాత సామానట, కాలిపోయి దొరికితే వెతికి వెతికి బాగుచేయించాడట. నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా మోగింది." నోటుబుక్కు మళ్ళీ తెరిచింది. "సరే. ఎల్లుండి మైదానంలో వాళ్ళ గజరాజు ఒకవైపు, మీ దోమ ఒకవైపు. నేను వెనక వరసలో కూర్చుంటా. ఎవరిది వినపడితే వాళ్ళదే సభ."

ఫ్యూజు కుర్చీలోంచి మెల్లగా తల తిప్పింది. మోతగారూ తల తిప్పారు. తూకం అప్పటికే గుమ్మం దాకా వెళ్ళి, ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది వెతుక్కుంటున్నాడు.

"ఏరా తూకం," మోతగారు చాలా మెత్తగా అడిగారు, "ఏనుగు పొట్టలోంచి తీసిన పేగులన్నీ నీ కొట్టుకే కదా పట్టుకెళ్ళావ్? వాటిని ఏం చేశావ్?"

తూకం మేనకోడల్నీ చూడలేదు, బావనీ చూడలేదు. నెత్తిన పసుపు బల్బు నిటారుగా వెలుగుతోంది.

ఈసారి తల దించింది బల్బు కాదు, బావమరిది.